చమురుకు ముందు, మనిషికి తరువాత

కోల్‌కతాకు నైరుతి దిశగా సుమారు పాతిక కిలోమీటర్ల దూరంలో, హుగ్లీ నది తూర్పు గట్టున ఉన్న బడ్జ్ బడ్జ్ పేరు రాజకీయ చరిత్ర చదివినవారికి కొత్త కాదు. 1897 ఫిబ్రవరిలో పాశ్చాత్య దేశాల పర్యటన ముగించుకుని, మద్రాసు మీదుగా వచ్చిన స్వామి వివేకానంద ఓడ దిగి సియాల్దాకు రైలెక్కినది ఇక్కడే. కెనడా ప్రభుత్వం తిప్పి పంపిన కోమగాత మారు నౌక ప్రయాణికుల మీద 1914 సెప్టెంబరు 29న బ్రిటిష్ పాలకులు తుపాకులు పేల్పించినదీ ఇక్కడే. ఆ ఘటన స్మృత్యర్థం 2013లో రైల్వే స్టేషను పేరునే మార్చారు. అయితే ఈ వారం నేను వ్రాయబోయేది చరిత్ర గురించి కాదు, బ్రేకుల గురించి. ఢిల్లీ లేఖలో బ్రేకుల ప్రస్తావన ఏమిటని పాఠకులు ఆశ్చర్యపడవచ్చు. రాజధానిలో బ్రేకులు లేనివి చాలా ఉన్నమాట నిజమే గాని, నేను చెప్పేది అచ్చంగా వాహనాల బ్రేకుల సంగతే.

బడ్జ్ బడ్జ్‌కు మూడవ ప్రసిద్ధి చమురు. నగరం నడిబొడ్డున కిరోసిను నిల్వలు పెట్టడం ప్రమాదమని తలచి, 19వ శతాబ్దపు చివరి దశకాలలోనే దొరలు ఆ సరుకును ఇక్కడికి తరలించారు. నేటికీ ప్రభుత్వరంగ చమురు సంస్థల డిపోలు ఇక్కడ ఉన్నాయి. వాటి గేట్ల ముందు ట్యాంకరు లారీలు బారులు తీరి నిలుస్తాయి. పార్లమెంటు సమావేశాలు లేని వారం చూసుకుని మరొక పని మీద కోల్‌కతా వెళ్లిన నేను ఆ బారుల దగ్గర ఒక పూట గడిపాను. హుగ్లీ తీరపు జూట్ మిల్లులకు ఒకనాడు శ్రీకాకుళం, విశాఖ, గంజాం ప్రాంతాల నుంచి మనవాళ్లు వేల సంఖ్యలో వలస వచ్చారు. వారి మూడవ తరానికి చెందిన డ్రైవరు ఒకాయన అక్కడ తారసపడ్డాడు. తెలుగు మాట వినగానే లారీ దిగి వచ్చి, టీ తెప్పించాడు.

"మామూలు లారీకీ నీ ట్యాంకరుకీ తేడా ఏమిటయ్యా?" అని అడిగాను.

"బ్రేకు గట్టిగా కొట్టినా చక్రం పట్టేసుకోదు బాబూ. కింద బుస్సుబుస్సుమని గాలి కొట్టుకుంటాది. వానలో బండి మన మాట వింటాది" అన్నాడు. ఒక క్షణం ఆగి, "మా రణస్థలం దగ్గర ఎర్రన్నాయుడుగారు పోయింది కూడా ట్యాంకరు తగిలే కదా" అని తలవంచుకున్నాడు. మాజీ కేంద్రమంత్రి ఎర్రన్నాయుడు 2012 నవంబరు 2 తెల్లవారుజామున ఆ దుర్ఘటనలో మరణించారు. అప్పటికి ఈ డ్రైవరు చక్రం పట్టి ఎంతో కాలం కాలేదట.

ఆయన చెప్పిన ఆ బుస్సుబుస్సులోనే ఈ వారం లేఖకు కావలసిన విషయమంతా ఉంది.

టైరుకు నేలమీద ఉండే పట్టు గుమస్తా జీతం వంటిది. నెలకు ఇంత అని లెక్క. అది బ్రేకుకు ఖర్చు పెట్టవచ్చు, మలుపుకు ఖర్చు పెట్టవచ్చు, వేగం పెంచడానికి ఖర్చు పెట్టవచ్చు. మూడింటికీ కలిపి ఉన్నది ఒకటే జీతం. కంగారులో బ్రేకును గట్టిగా తొక్కినప్పుడు చక్రం తిరగడం మాని ఈడ్చుకుపోతుంది. అంటే జీతం మొత్తం ఒకే పద్దుకు పోయింది. ఆ స్థితిలో స్టీరింగు ఎటు తిప్పినా బండి తిరగదు, వెళ్తున్న దిక్కునే పోతుంది. ముందు చక్రాలు బిగిస్తే బండి మాట వినదు. వెనుక చక్రాలు బిగిస్తే తోక అడ్డం తిరుగుతుంది. ట్రైలరు తగిలించిన లారీ అయితే మధ్యలో కత్తిలా మడతపడుతుంది.

అంబాసిడర్ కారు నడిపిన పాతతరం డ్రైవర్లకు ఇది అనుభవంలో తెలుసు. (ఆ కారు పుట్టిల్లు అయిన ఉత్తరపాడా కర్మాగారం కూడా ఇదే హుగ్లీ ఒడ్డున, బడ్జ్ బడ్జ్‌కు ఎగువన ఉంది. 2014 మేలో అక్కడ ఉత్పత్తి ఆగిపోయింది.) వానరోజుల్లో వారు బ్రేకు తొక్కి, వదిలి, మళ్లీ తొక్కేవారు. చక్రం బిగిసేలోగా వదలడం, తిరగగానే తొక్కడం. ఆ పాదకౌశలాన్నే యంత్రానికి అప్పగిస్తే అది ఏబీఎస్ అయింది. ప్రతి చక్రం దగ్గరా ఒక పళ్ల చక్రమూ, దాని పక్కన వేగం కొలిచే సెన్సారూ ఉంటాయి. బండి వేగంతో పొంతన లేకుండా ఏదో ఒక చక్రం హఠాత్తుగా మందగిస్తే, అది బిగిసిపోబోతున్నదని కంప్యూటరు గ్రహించి, ఆ ఒక్క చక్రానికి పోయే బ్రేకు ఒత్తిడిని సడలిస్తుంది, నిలుపుతుంది, మళ్లీ పెంచుతుంది. ఇదంతా సెకనుకు పలుమార్లు జరుగుతుంది. కారులో ఇది నూనె ఒత్తిడితో జరుగుతుంది కనుక పెడలు కాలికింద దడదడలాడుతుంది. లారీలో గాలి బ్రేకు కనుక బుస్సుమంటుంది. ఆ దడకు బెదిరి కాలు తీసేసేవారు ఉన్నారు. తీయరాదు. గట్టిగా తొక్కి ఉంచి, స్టీరింగుతో తప్పించుకోవాలి. ఏబీఎస్ ఉన్నంత మాత్రాన బండి తక్కువ దూరంలో ఆగుతుందని కొందరి భ్రమ. కంకర మీద, వదులు ఇసుక మీద ఇంకాస్త ఎక్కువ దూరం పోవచ్చు కూడా. అది ఇచ్చేది ప్రధానంగా చుక్కాని మీద అధికారం. 1978లో జర్మనీకి చెందిన బాష్ సంస్థ దీనిని ఎలక్ట్రానిక్ రూపంలో మెర్సిడెస్ కారుకు అమర్చింది. అంతకు పాతికేళ్ల ముందే విమానాల చక్రాలకు యాంత్రిక రూపంలో ఇటువంటి ఏర్పాటు ఉండేది.

ట్రాక్షన్ కంట్రోలు దీనికి తిరగేసిన కథ. బురదలో దిగిన బండి యాక్సిలరేటరు తొక్కితే ఒక చక్రం గిర్రున తిరుగుతుంది, రెండవది కదలదు. ఇంజను బలాన్ని రెండు చక్రాలకూ పంచే డిఫరెన్షియల్ స్వభావమే అంత. పట్టు లేని చక్రం ఎంత తక్కువ బలంతో తిరుగుతుందో, పట్టున్న చక్రానికీ అంతకు మించి అందనివ్వదు. మన సంక్షేమ నిధుల పంపిణీలో కూడా ఈ విద్య కనబడుతుంది. ఏబీఎస్ కోసం పెట్టిన సెన్సార్లే ఇక్కడా పనికివస్తాయి. నడిచే చక్రం మిగతావాటికంటే వేగంగా తిరుగుతున్నదని అవి చెప్పగానే, కంప్యూటరు ఇంజను బలాన్ని తగ్గిస్తుంది, తిరిగే చక్రానికి తానే బ్రేకు వేస్తుంది. దానితో రెండవ చక్రానికి బలం అందుతుంది. గమనించవలసినది ఏమంటే, ఇక్కడ డ్రైవరు బ్రేకు తొక్కలేదు. కనుక తనంతట తాను ఒత్తిడి పుట్టించే పంపూ, మరికొన్ని కవాటాలూ కావలసి వచ్చాయి. 1980 దశకం రెండవ సగానికి ఇదీ కార్లలోకి వచ్చింది.

ఇక మూడవది, అసలైనది, స్టెబిలిటీ కంట్రోలు. చక్రం తొక్కుడుకు బిగుస్తున్నదా, లాగుడుకు జారుతున్నదా అన్నంతవరకే మొదటి రెండింటి జ్ఞానం. బండి మొత్తంగా ఎటు పోతున్నదో వాటికి తెలియదు. స్టీరింగు ఏ కోణంలో తిరిగి ఉన్నదో చెప్పే సాధనం ఒకటి, బండి తన ఇరుసు చుట్టూ ఎంత వేగంగా తిరుగుతున్నదో, పక్కకు ఎంత బలంగా తోసుకుపోతున్నదో చెప్పే సాధనాలు మరి రెండు చేర్చి, బాష్ ఇంజనీరు ఆంటన్ వాన్ జాంటెన్ బృందం ఆ లోటు తీర్చింది. 1995లో అది మెర్సిడెస్ కారులో వచ్చింది. డ్రైవరు కోరుతున్న దారి ఏది, బండి పోతున్న దారి ఏది అని ఇది నిరంతరం పోల్చుకుంటుంది. తేడా కనబడితే ఒక్కొక్క చక్రానికి ఒక్కొక్క విధంగా బ్రేకు వేస్తుంది. మలుపులో ముక్కు తిరగక బయటికి పోతూ ఉంటే లోపలివైపు వెనుక చక్రాన్ని పట్టి ముక్కును లోపలికి లాగుతుంది. తోక జారుతూ ఉంటే బయటివైపు ముందు చక్రాన్ని పట్టి తోకను నిలుపుతుంది. అవసరమైతే ఇంజను బలాన్ని కూడా కోస్తుంది. డ్రైవరుకు నాలుగు పాదాలూ నాలుగు పెడళ్లూ ఉన్నా చేయలేని పని ఇది.

ఈ మూడూ మూడు వేర్వేరు పరికరాలని కంపెనీల ప్రకటనలు చూసి జనం భావిస్తారు. కాదు. సెన్సార్లు ఒకటే, కవాటాల పెట్టె ఒకటే, కంప్యూటరు ఒకటే. స్టెబిలిటీ కంట్రోలు పైన కూర్చుని, ఏ చక్రం ఎంతవరకు జారవచ్చునో నిర్ణయిస్తుంది. ఆ నిర్ణయాన్ని బ్రేకు వేళ ఏబీఎస్, లాగుడు వేళ ట్రాక్షన్ కంట్రోలు అమలు చేస్తాయి. రెండింటి మధ్య పేచీ వస్తే పైవాడి మాటే చెల్లుతుంది. పాతకాలపు బ్రేకు నాలుగు చక్రాలకూ ఒకటే ఉత్తరువు పంపేది. ఈ ఏర్పాటు ఏ చక్రం కింద ఇసుక ఉన్నది, ఏ చక్రం కింద తారు ఉన్నది అని చూసి, దేని ఉత్తరువు దానికి పంపుతుంది. రాష్ట్రాలన్నిటికీ ఒకే మూసలో పథకాలు పంపిన పూర్వపు ప్రణాళికా సంఘం వారికి ఈ యంత్రాన్ని ఎవరైనా చూపించి ఉంటే బాగుండేది.

ట్యాంకరు లారీ విషయంలో మరొక చిక్కు ఉంది. అది మోసేది ద్రవం. సగం నిండిన ట్యాంకులో బండి మలుపు తిరిగినప్పుడు చమురు ఒకవైపుకు ఎగదన్నుతుంది, బండి గరిమనాభి జరిగిపోతుంది. లోపల అడ్డు పలకలు పెట్టేది అందుకే. అయినా వేగం మించితే బండి జారకుండానే పల్టీ కొడుతుంది. ఇక్కడ ఏబీఎస్ చేయగలిగింది స్వల్పం. పక్కతోపుడు పెరుగుతున్నదని ముందే పసిగట్టి, చక్రం నేలనుంచి లేవకముందే వేగం తగ్గించే స్టెబిలిటీ కంట్రోలే అక్కరకు వస్తుంది. అమెరికా ప్రభుత్వం పెద్ద లారీ ట్రాక్టర్లకు దీనిని విధిస్తూ 2015లో నిబంధన తెచ్చింది.

ఇప్పుడు మన చట్టం ఏ వరుసలో నడిచిందో చూడండి. చమురు, వంటగ్యాసు వంటి ప్రమాదకర సరుకులు మోసే లారీలకు ఏబీఎస్‌ను ఈ శతాబ్దపు మొదటి దశకంలోనే విధించారు. మిగిలిన భారీ లారీలకు, బస్సులకు 2015లో వచ్చింది. కుటుంబం కూర్చునే కారుకు వచ్చేసరికి, కొత్త నమూనాలకు 2018 ఏప్రిల్, అన్నిటికీ 2019 ఏప్రిల్ అయింది. చమురుకూ మనిషికీ మధ్య ఒక పుష్కరకాలం గడిచింది. పేలే సరుకు గురించి 19వ శతాబ్దంలో దొరలకు కలిగిన భయమే మనవారికీ కలిగింది, అది మంచిదే. పేలని సరుకు, అనగా ప్రయాణికుడు, వరుసలో చివర నిలబడ్డాడు.

2019లో ఏబీఎస్ వచ్చినప్పుడు మిగతా రెండు మెట్లు ఎందుకు ఎక్కలేదన్నదే నా ప్రశ్న. చక్రాల సెన్సార్లు వచ్చేశాయి, కవాటాల పెట్టె వచ్చేసింది, కంప్యూటరు వచ్చేసింది. కావలసినవల్లా రెండు మూడు సాధనాలు, కొంత గణితం. 2022-23 నాటికి స్టెబిలిటీ కంట్రోలు కూడా వస్తుందని పరివహన్ భవన్ అధికారులు ఆ రోజుల్లో చెప్పుకొచ్చారు. ఆ గడువు నిశ్శబ్దంగా దాటిపోయింది. 2023 అక్టోబరులో ప్రారంభించిన భారత్ ఎన్‌క్యాప్ పరీక్షలో మూడు నక్షత్రాలు, ఆపైన పొందాలంటే ఇది ఉండి తీరాలన్నారు. సంతోషమే. కాని ఆ పరీక్షకు కారు పంపాలో వద్దో కంపెనీ ఇష్టం. ఆరు ఎయిర్‌బ్యాగుల కథ కూడా పాఠకులకు గుర్తుండే ఉంటుంది. 2022 జనవరిలో ముసాయిదా, అక్టోబరులో అమలన్నారు. తరువాత ఏడాది వాయిదా వేశారు. 2023 సెప్టెంబరులో విధించబోమని మంత్రి గడ్కరీ స్వయంగా ప్రకటించారు. గడ్కరీ ఈ విషయంలో చిత్తశుద్ధి లేనివారని నేను అనను. అంతర్జాతీయ సభలలో మన ప్రమాదాల ప్రస్తావన వస్తే ముఖం చాటేయవలసి వస్తున్నదని 2024 డిసెంబరులో లోక్‌సభలోనే ఒప్పుకున్నవారు ఆయన. మంత్రికి తెలిసినది నియమావళిలోకి ఎక్కకపోవడమే విచిత్రం.

ఇందులో దేశాల మధ్య న్యాయం మాట కూడా ఉంది. 2014 నవంబరు నుంచి ఐరోపా సమాజంలో అమ్ముడయ్యే ప్రతి కొత్త కారుకూ స్టెబిలిటీ కంట్రోలు తప్పనిసరి. కనుక చెన్నైలోనో పుణేలోనో మన కార్మికులు బిగించి ఓడెక్కించిన కారు ఐరోపాలో దిగాలంటే అది ఉండవలసిందే. అదే కారు హైదరాబాదులో దిగాలంటే అక్కరలేదు. ఇక్కడ దానిని ఏళ్ల తరబడి ఎండకప్పు, తోలు సీట్లతో కలిపి పై తరగతి నమూనాలలో అమ్మారు. ఇటీవల కొన్ని కంపెనీలు తమంతట తామే అన్ని నమూనాలలో పెట్టడం మొదలుపెట్టాయి. అభినందించవలసిందే. ప్రాణం విషయంలో కంపెనీ దయ మీద ఎంతకాలం ఆధారపడదాం?

చిన్న కారుకు ఇంత హంగు దేనికని కొందరి వాదన. 1997 అక్టోబరులో స్వీడన్ పత్రిక ఒకటి మెర్సిడెస్ వారి చిన్న కారును పరీక్షించింది. దారికి అడ్డంగా దుప్పి వచ్చిందనుకుని స్టీరింగును ఒకవైపుకు, వెంటనే రెండవవైపుకు కోస్తే కారు బోర్లాపడింది. కంపెనీ పరువు పోయింది. అమ్మకాలు కొంతకాలం ఆపి, అప్పటివరకు ఖరీదైన కార్లకే ఉన్న స్టెబిలిటీ కంట్రోలును ఆ చిన్న కారుకు అదనపు ధర లేకుండా అమర్చింది. చిన్న కారుకే ఇది మరింత అవసరమని అక్కడ తేలింది.

మనకు దుప్పులు అడ్డం రావు, ధాన్యం రాశులు అడ్డం వస్తాయి. 2014 ఏప్రిల్ 23 రాత్రి ఆళ్లగడ్డ వద్ద రోడ్డుపై ఆరబోసిన ధాన్యాన్ని తప్పించబోయి శోభా నాగిరెడ్డి వాహనం పల్టీ కొట్టింది. ఎన్నికల ప్రచారంలో ఉన్న ఆమె మరునాడు మరణించారు. సీటు బెల్టు ఉండి ఉంటే అని అప్పుడు అందరూ అన్నారు, సరిగానే అన్నారు. ఆ ఘటనను ఏ పరికరానికో ముడిపెట్టడం నా ఉద్దేశం కాదు. చీకట్లో హఠాత్తుగా కోసిన ఆ మలుపు, వెంటనే తిప్పిన ఎదురు మలుపు, ఈ రెంటి నడుమ ఉండే అరక్షణం కోసమే స్టెబిలిటీ కంట్రోలు పుట్టింది. దాన్ని విధించిన 2007 సంవత్సరంలో అమెరికా రహదారి భద్రతా సంస్థ వేసిన అంచనా ప్రకారం, ఒంటరిగా అదుపు తప్పే ప్రమాదాలు కార్లలో 34 శాతం, ఎత్తయిన ఎస్‌యూవీ వాహనాలలో 59 శాతం తగ్గాలి. మన నాయకుల కాన్వాయ్‌లలో తిరిగేవి ఆ ఎత్తయిన వాహనాలే కదా.

మరొక అభ్యంతరం ఉంది, అది కాస్త బరువైనది. రక్షణ పెరిగినకొద్దీ డ్రైవరు తెగిస్తాడని. 1980 దశకంలో మ్యూనిక్ టాక్సీలపై జరిపిన పరిశీలనలో ఏబీఎస్ ఉన్న టాక్సీలకు ప్రమాదాలు తగ్గలేదు, వాటి డ్రైవర్లు మరింత దురుసుగా నడిపారు. దీనిని తోసిపుచ్చలేము. అయితే ఏబీఎస్ పని చేయడం డ్రైవరుకు కాలికింద తెలుస్తుంది, దానిమీద ధీమా పెంచుకోగలడు. స్టెబిలిటీ కంట్రోలు చాలామందికి ఉన్నదన్న సంగతే తెలియదు, ఏళ్లకొకసారి మేల్కొంటుంది. తెలియని దానిపై ధీమా పెంచుకోవడం కష్టం. అరిగిపోయిన టైరుకు, అనుమతికి మించిన బరువుకు మాత్రం ఏ కంప్యూటరూ మందు వేయలేదు. జీతమే లేనివాడికి పొదుపు నేర్పి ప్రయోజనం లేదు.

2022లో ఈ దేశపు రోడ్లపై 1,68,491 మంది మరణించారని కేంద్ర మంత్రిత్వ శాఖ లెక్క. అందులో 44 శాతానికి పైగా ద్విచక్ర వాహనాలపై ఉన్నవారు. వారికి స్టెబిలిటీ కంట్రోలు మాట దేవుడెరుగు, 125 సీసీ దాటిన బళ్లకే 2019లో ఏబీఎస్ విధించారు. దానికి దిగువన ఉన్న బళ్లకు, అంటే జనం ఎక్కువగా కొనే బళ్లకు, రెండు బ్రేకులను కలిపి పట్టే సాదా ఏర్పాటుతో సరిపెట్టారు. 2025 జూన్‌లో ఆ గీత చెరిపివేస్తామని ముసాయిదా వెలువడగానే పరిశ్రమ వర్గాల నుంచి ధర పెరుగుతుందన్న మొర వినిపించింది.

బడ్జ్ బడ్జ్ డ్రైవరు చెప్పిన మరొక మాట మిగిలింది. డ్యాష్‌బోర్డు మీద ఏబీఎస్ పసుపు దీపం వెలిగితే ఏం చేస్తావని అడిగాను. "యజమానికి చెప్తాం బాబూ. ఆయన మెకానిక్కును పంపుతారు. మెకానిక్కు దీపం వైరు పీకేస్తాడు" అన్నాడు, నవ్వుతూ. చక్రం దగ్గర బురద పట్టిన సెన్సారు అట్లాగే ఉంటుంది, బండి కాగితాలలో ఏబీఎస్ అట్లాగే ఉంటుంది. దీనిని పట్టుకోవడానికి యంత్రాలు అక్కరలేదు. తాళంచెవి తిప్పగానే ఆ దీపం ఒకసారి వెలిగి ఆరిపోవాలి. వెలగనే వెలగకపోతే ఎవరో పీకేశారన్నమాట. ఫిట్‌నెస్ పరీక్షకు వచ్చిన ప్రతి బండికీ ఆ తాళం ఒకసారి తిప్పి చూడమని రవాణా ఇన్‌స్పెక్టరును ఆదేశించడానికి, కార్లన్నిటికీ స్టెబిలిటీ కంట్రోలు విధించడానికి, పార్లమెంటులో బిల్లు పెట్టనక్కరలేదు. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమావళికి ముసాయిదా సవరణ ప్రకటించి, అభ్యంతరాలు విని, గెజెట్‌లో అచ్చువేస్తే చాలును. వచ్చే సమావేశాలలో మన రెండు రాష్ట్రాల సభ్యులలో ఎవరైనా ప్రశ్నోత్తరాల సమయంలో దీనిని లేవనెత్తుతారేమోనని కొందరికి ఫోన్లు చేశాను. ఇద్దరు ప్రశ్న వ్రాసి పంపమన్నారు. పంపాను.